గురికి లీస్ట్ కౌంట్ ఎంత?

బోధన్ వైపు ఏ రైతునైనా "ఈసారి పంట ఎట్లుంది?" అని అడిగి చూడండి. వాన సంగతి, యూరియా సంగతి తర్వాత చెప్తాడు. ముందు పందుల సంగతి చెప్తాడు. ఊర పందులు కాదు, అడవి పందులు.

మా ప్రాంతం చరిత్ర అంతా నీళ్లు, చక్కెర. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లు వచ్చాక 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. ఊరి పేరులోనే చక్కెర ఉంది చూడండి. 2015 డిసెంబర్‌లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. చెరుకు తగ్గింది, వరి, మక్క, సోయా పెరిగాయి. అయినా చెరుకు పూర్తిగా పోలేదు. అక్కడొక తోట, ఇక్కడొక తోట మిగిలింది. పందులకు ఇదే బాగా కుదిరింది. చెరుకు తోట వాటికి హాస్టల్. చల్లగా, దట్టంగా ఉంటుంది, పగలంతా పడుకోవచ్చు. పక్కన మక్క చేను మెస్. రాత్రి వచ్చి తింటాయి. తిన్నది కొంత, తొక్కింది చాలా.

రైతులు చేయని ప్రయత్నం లేదు. పొలం చుట్టూ రంగురంగుల పాత చీరలు కడతారు. మంచె వేసి రాత్రంతా డబ్బా కొడతారు. ఏదీ పని చేయకపోతే కొందరు చివరికి చేసే పని ఒకటుంది, కంచె తీగకు కరెంట్ పెట్టడం. అది నేరం. అంతకంటే ముందు, అది ఎవరినీ చూసి కొట్టదు. పందికి పెట్టిన తీగకు మనుషులు చనిపోయిన వార్తలు మనం పేపర్లో చదువుతూనే ఉంటాం. మా పక్క ఊళ్లో ఒక రైతు తెల్లవారుజామున మోటార్ వేయడానికి వెళ్లి ఇంకొకరి తీగ తగిలి పోయాడు. మా కాక కూడా నిరుడు తీగ చుట్ట ఒకటి కొని తెచ్చి కొట్టంలో పెట్టుకున్నాడు. ఇంట్లో అందరం వద్దని గొడవ పెట్టుకుంటే దాన్ని అక్కడే ఉంచాడు, పారేయలేదు.

మరి కాల్చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు సరదా వేట అనేది లేదు. కానీ అదే చట్టంలో సెక్షన్ 11 ప్రకారం, పంటకో మనిషి ప్రాణానికో ముప్పు తెచ్చే కొన్ని జంతువులను చంపడానికి అధికారులు రాతపూర్వకంగా అనుమతి ఇవ్వొచ్చు. అలా మా ఊరి రైతులంతా కలిసి అర్జీ పెట్టుకుంటే, అనుమతి వచ్చి, లైసెన్స్ ఉన్న ఒక షూటర్ వచ్చాడు. అరవై దాటిన మనిషి, హైదరాబాద్ ఆయన. కాక ఆయన్ని "సాబ్" అనేవాడు. నాకు అప్పుడు సంక్రాంతి సెలవులు. చాయ్ ఫ్లాస్క్ మోసే ఉద్యోగం నాది.

ఆయన చేతిలో .315 రైఫిల్ ఉంది. ఆ నంబర్‌కి ఒక కారణం ఉంది. మన దగ్గర సైన్యం వాడిన .303 సైజు మామూలు పౌరులకు నిషిద్ధం. అందుకే పౌరుల కోసం .315 సైజులో రైఫిళ్లు పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీలో చేస్తారు. అందులోకి బరువైన, కాస్త నిదానంగా వెళ్లే తూటా.

రెండు రాత్రులు పందులు రాలేదు. మూడో రాత్రి వచ్చాయి. చెరుకు తోటలోంచి బయటికి వచ్చి మక్క చేను అంచున నిలబడ్డాయి. టార్చి వెలుగులో నాకు కూడా ఐదారు కనిపించాయి.

"సాబ్, అవే. కొట్టున్రి," అన్నాడు కాక.

"దూరం ఎంతుంటది?"

"ఎంతుంటే ఏంది సాబ్, కనబడుతున్నయ్ గద!"

ఆయన రైఫిల్ భుజానికి ఆనించాడు. చాలాసేపు చూశాడు. తర్వాత దించేశాడు. "ఇంకా దగ్గరికి రానీ," అన్నాడు. అవి దగ్గరికి రాలేదు. పావుగంట మేసి, కాక కష్టం కొంత కడుపులో వేసుకుని, మళ్లీ చెరుకులోకి వెళ్లిపోయాయి.

పొద్దున కాక కోపం చూడాలి. "మూడు రాత్రుల సంది చాయ్ పోస్తున్న. ఒక్క గుండు గూడ పేల్చలే. గీయనెందుకు, దిష్టిబొమ్మ సాలదా?" ఇది ఆయనకు వినపడేటట్టే అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. నన్ను పిలిచి, "బేటా, ఆ పందులు నిలబడ్డ కాడికి అడుగులు లెక్కబెట్టి రా," అన్నాడు. నూట పది అడుగులు వచ్చాయి. అంటే సుమారు 80 మీటర్లు.

అప్పుడు తన సంచిలోంచి ఒక అట్ట ముక్క తీశాడు. దాని మీద అతికించిన కాగితంలో పది రంధ్రాలు. పక్కన పెన్సిల్‌తో తేదీ, దూరం, తూటాల డబ్బా మీద ఉండే లాట్ నంబర్. రేంజ్‌లో 50 మీటర్ల నుంచి పగటిపూట కొట్టిన పది దెబ్బలు అవి. పదీ కలిపి ఒక వృత్తంలో పడితే దాని వెడల్పు నా అరచేతి అంత ఉంది, సుమారు 9 సెంటీమీటర్లు. "ఇది నా జాతకం," అన్నాడు నవ్వుతూ.

లెక్క మీరూ వేయొచ్చు. 50 మీటర్ల దగ్గర 9 సెంటీమీటర్లు అంటే, అదే కోణంతో 80 మీటర్ల దగ్గర దాదాపు 14.5. అడవి పందికి గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు, అంటే తగిలితే వెంటనే పడిపోయే చోటు, దాదాపు 15 సెంటీమీటర్ల వృత్తం అనుకోండి. కాగితం మీద బొటాబొటిగా సరిపోయింది కదా? కానీ ఆ 9 సెంటీమీటర్లు పగలు, బెంచీ మీద కూర్చుని, ఇసుక సంచి మీద తుపాకీ ఆనించి కొట్టినవి. రాత్రి, ఊగే మంచె మీద, టార్చి వెలుగులో అది ఎంత పెరుగుతుందో ఎవరు చెప్పాలి? అందుకే ఆయన తనకు తాను 50 మీటర్ల గీత గీసుకున్నాడు. అది దాటితే కొట్టడు.

"కొడితే తగుల్తుండె కావొచ్చు," అన్నాను.

"తగుల్తది. ఏడ తగుల్తదో తెల్వాలె. కడుపుల తగిలిన పంది ఏడికి పోతది? చెరుకులకు. పొద్దుగాల చెరుకుల ఎవరు దిగుతరు?"

ఆ పొద్దున ఆరున్నరకు ఆ తోటలోకి కోత కూలీలు దిగారు. అందులో సగం మంది ఆడవాళ్లు. కొడవళ్లు పట్టుకుని, వంగి, మనిషి ఎత్తు చెరుకులోకి, రెండు గజాల అవతల ఏముందో కనిపించకుండా. గాయపడిన అడవి పంది ఎంత ప్రమాదమో మా వైపు చిన్న పిల్లలకు కూడా తెలుసు.

నా బుర్రలో మాత్రం ఆ లాట్ నంబర్ ఉండిపోయింది. తుపాకీ సంగతి సరే, తూటాల డబ్బా నంబర్ రాసుకోవడం ఎందుకు? ఆయన చెప్పింది సూటిగా ఉంది. ఒక లాట్ తూటాలు ఒకలా వెళ్తాయి, ఇంకో లాట్ ఇంకోలా వెళ్తాయి. అందుకే ఒకే లాట్ తూటాలు తీసుకుంటాడు, అందులో పది కాగితం మీద ఖర్చు పెడతాడు, మిగిలినవి దాచుకుంటాడు. కొత్త లాట్ వస్తే జాతకం మళ్లీ మొదటి నుంచి.

ఈ కథ టెక్సాస్‌లో ఉండే మా పెదనాన్న కొడుకుకి వీడియో కాల్‌లో చెప్పాను. అన్న వెళ్లి ఇరవై ఏళ్లయింది, పౌరసత్వం కూడా వచ్చింది. అక్కడ కూడా పందులే! టెక్సాస్‌లో అవి పొలాలను దున్నేస్తాయి. భూమి యజమాని ఒప్పుకుంటే ఏడాది పొడవునా కాల్చొచ్చు. అన్న వారాంతాల్లో చేసే పని ఏంటంటే, తన తూటాలు తనే తయారు చేసుకోవడం. ఇంగ్లిష్‌లో దాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. అక్కడ అది చట్టబద్ధమైన హాబీ. ఇక్కడ కాదు. మన 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. కాబట్టి ఎవరూ హాస్టల్ రూమ్‌లో ప్లాన్లు వేయకండి.

తూటాలో నాలుగే భాగాలు. ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు అంటించే ప్రైమర్, లోపల మందు (మనవాళ్లు ఫేర్‌వెల్ రోజు మాట్లాడుకునే మందు కాదు, తుపాకి మందు), పైన బుల్లెట్. పేలినప్పుడు మందు, ప్రైమర్ అయిపోతాయి, బుల్లెట్ వెళ్లిపోతుంది, ఇత్తడి కేసు మిగులుతుంది. ఆ వేడికి, ఒత్తిడికి కేసు సాగి తుపాకీ గది ఆకారానికి వస్తుంది. దాన్ని డైలో నొక్కి మళ్లీ కొలతకు తెస్తారు, పొడవు పెరిగితే కత్తిరిస్తారు, శుభ్రం చేస్తారు, కొత్త ప్రైమర్, తూచిన మందు, కొత్త బుల్లెట్ పెడతారు. మెకానికల్ వాళ్లకు ఇదంతా ప్రొడక్షన్ టెక్నాలజీ ల్యాబ్‌లాగే అనిపిస్తుంది. డై, టాలరెన్స్, వెర్నియర్ అన్నీ ఉన్నాయి.

మందు తూచే కొలతను గ్రెయిన్ అంటారు. ఒక పౌండ్‌కి 7000 గ్రెయిన్లు. ఒక గ్రెయిన్ దాదాపు 0.065 గ్రాములు. గ్రెయిన్ అంటే గింజ, ఒకప్పుడు ధాన్యపు గింజే కొలత. మన కంసాలి గురిగింజతో బంగారం తూచినట్టే. గురిగింజ ఒకటి సుమారు 0.12 గ్రాములు, అంటే రెండు గ్రెయిన్లకు దగ్గర. హ్యాండ్‌లోడ్ చేసేవాళ్లు గ్రెయిన్‌లో పదో వంతు దాకా తూస్తారు. గురిగింజను ఇరవై ముక్కలు చేసి అందులో ఒక ముక్క తూచినట్టు!

ఇంత తూచడం ఎందుకు? బలమైన తూటా కోసం కాదు. ఇది నేను అన్న దగ్గర నేర్చుకున్న మొదటి విషయం. కంపెనీలు అచ్చువేసిన పట్టికల్లో కనిష్ఠం, గరిష్ఠం అని రెండు అంకెలుంటాయి. కింది నుంచి మొదలుపెట్టాలి, ఒకసారికి ఒక్కటే మార్చాలి, గరిష్ఠం దాటకూడదు. దాటితే తుపాకీ కళ్ల ముందే పగలొచ్చు. వాళ్లు వెతికేది ఎక్కువ వేగం కాదు, ఒకే వేగం. మొదటి తూటా ఎలా వెళ్లిందో పదో తూటా కూడా అలాగే వెళ్లాలి. మందు బరువు ఒకటే, కేసు పొడవు ఒకటే, బుల్లెట్ ఎంత లోపలికి దిగిందో ఆ లోతు ఒకటే. లోపాలు పూర్తిగా పోవు. కానీ అన్ని తూటాల్లో ఒకేలాంటి లోపం ఉంటే, దూరదర్శిని మీద స్క్రూ తిప్పి దాన్ని సరిచేయొచ్చు. మనకు ఫస్ట్ ఇయర్‌లో చెప్పిన జీరో ఎర్రర్ గుర్తుందా? జీరో ఎర్రర్‌ని తీసేయొచ్చు. రీడింగ్ ప్రతిసారీ మారుతుంటే దాన్ని తీసేయడానికి స్క్రూ లేదు.

రెండో విషయం ఇంకా రుచిగా ఉంది. చాలామంది మూడు దెబ్బలు కొట్టి, మూడూ ఒక నాణెం కింద దాక్కుంటే "నా తుపాకీ గురి ఇంత" అని ఫోటో పెడతారట. మన స్టాటిస్టిక్స్ సార్ చూస్తే ఊరుకోడు. దెబ్బలు మామూలు పంపిణీ ప్రకారం పడుతున్నాయి అనుకుంటే, ఒక దిశలో విచలనం సిగ్మా అయితే, మూడు దెబ్బల గుంపు వెడల్పు సగటున 2.4 సిగ్మా. పది దెబ్బల గుంపు సగటున 3.8 సిగ్మా. తుపాకీ అదే, తూటా అదే, మనిషి అతనే. దెబ్బలు పెంచితే గుంపు ఒకటిన్నర రెట్లు పెద్దదవుతుంది, ఎందుకంటే ముందు కనపడని తప్పు ఇప్పుడు కనపడుతుంది. మూడు దెబ్బల గుంపుల్లో మంచిది ఏరుకుని మిగిలినవి పారేస్తే ఎవరి తుపాకీ అయినా బంగారమే. మా సాబ్ పది దెబ్బల కాగితం ఎందుకు మోస్తున్నాడో నాకు అప్పుడు అర్థమైంది. ఆయన స్టాటిస్టిక్స్ చదివి ఉండడు. కానీ తన తప్పును చిన్నదిగా చూపించే కాగితం తన దగ్గర పెట్టుకోలేదు.

సెలవులయ్యి కాలేజీకి వచ్చాక ఇది పరీక్షించి చూద్దామనిపించింది. తూటా ముట్టుకోలేం. కానీ మన స్పోర్ట్స్ రూమ్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఉంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు గెలిచిన ఈవెంట్ అదే, ఆయన మన హైదరాబాద్‌లోనే పెరిగాడు. దాని పెల్లెట్ 4.5 మిల్లీమీటర్ల సీసపు ముక్క, బరువు సుమారు 0.53 గ్రాములు. పీడీ సార్ ముందు, సార్ అనుమతితోనే, 500 పెల్లెట్ల డబ్బా ఒకటి తీసుకుని కెమిస్ట్రీ ల్యాబ్ బ్యాలెన్స్ మీద నేను, నా రూమ్‌మేట్ తూచడం మొదలుపెట్టాం. రెండు సాయంత్రాలు పట్టింది. ల్యాబ్ అన్న "ఏం తూస్తున్నరు తమ్మీ, బంగారమా?" అని రోజూ అడిగేవాడు.

కాల్చకముందే కాగితం మీద లెక్క వేశాం. పెల్లెట్ సెకనుకు 170 మీటర్ల వేగంతో వెళ్తే 10 మీటర్లకు 0.059 సెకన్లు. ఆ లోపు గురుత్వాకర్షణకు 17 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. ఒక పెల్లెట్ ఇంకోదాని కంటే 1 శాతం బరువు ఉంటే, గాలి ఇచ్చే శక్తి అంతే కాబట్టి, వేగం అర శాతం తగ్గుతుంది. అప్పుడు కిందికి దిగేది 1 శాతం పెరుగుతుంది. అంటే 0.17 మిల్లీమీటర్లు. టార్గెట్ మధ్యలో పది పాయింట్ల చుక్క వెడల్పు 0.5 మిల్లీమీటర్లు మాత్రమే. స్కోరు 10.9 దాకా దశాంశాల్లో లెక్కపెట్టే ఆటలో 0.17 మిల్లీమీటర్లు అంటే పతకం.

మాకు? మాకు ఏమీ కాదు. బరువు ప్రకారం ఏరిన పెల్లెట్లతో పది, ఏరకుండా డబ్బాలోంచి తీసినవాటితో పది, ఇలా మార్చి మార్చి కొట్టాం. ఏది ఏదో కొట్టేవాడికి తెలియకుండా ఒకరు లోడ్ చేస్తే ఇంకొకరు కొట్టేవాళ్లం. రెండు రకాల గుంపుల మధ్య మాకు తేడా దొరకలేదు. కానీ నా గుంపులకీ నా రూమ్‌మేట్ గుంపులకీ తేడా దూరం నుంచే కనపడేది. వాడు ఊపిరి బాగా ఆపుతాడు. మా చేతుల వణుకు పెల్లెట్ల తేడా కంటే ఎన్నో రెట్లు పెద్దది. స్కేలు మీద మిల్లీమీటర్ గీతలు ఉన్నప్పుడు సమాధానం నాలుగు దశాంశాల దాకా రాస్తే సార్ ఎర్ర పెన్‌తో ఏం చేస్తాడో మనకు తెలుసు. ఇదీ అంతే. గొలుసులో పెద్ద తప్పు ఎక్కడుందో అక్కడ ముందు పని చేయాలి.

ఇది అన్నకు చెప్తే నవ్వాడు. అదే లెక్క రైఫిల్‌కి వేయమన్నాడు. సెకనుకు 800 మీటర్ల వేగంతో వెళ్లే బుల్లెట్ 100 మీటర్లకు 8 సెంటీమీటర్ల చిల్లర దిగుతుంది. వేగంలో 1 శాతం తేడా వస్తే, దెబ్బ 2 మిల్లీమీటర్లు కూడా జరగదు. పంది మీద 2 మిల్లీమీటర్లు ఎవడు చూస్తాడు? "మరి ఇన్ని గంటలు బెంచీ ముందు ఎందుకు కూర్చుంటున్నవ్?" అని అడిగాను. అన్న కాసేపు ఆలోచించి, "తూటా మీద అనుమానం లేకుంటే, తప్పు నాదే అని తెలుస్తది గదరా," అన్నాడు.

టెక్సాస్‌లో అన్న చేసేదీ, మా ఊరి మంచె మీద సాబ్ చేసిందీ ఒకటే పని అని నాకు అక్కడ అర్థమైంది. అన్నకు తూటాను మార్చే వీలుంది, మారుస్తాడు. సాబ్‌కు మార్చే వీలు లేదు, కాబట్టి దాన్ని కొలిచి, ఆ కొలతకు తగ్గట్టు తనను మార్చుకున్నాడు. గురి అంటే తగలడం అనుకుంటాం. వీళ్లిద్దరికీ గురి అంటే తమ తప్పు ఎంత వెడల్పో తెలిసి ఉండటం. ఆ వెడల్పు చెరుకు కోసే మనిషి దాకా వెళ్తుంటే వేలు వెనక్కి తీయడం. కరెంట్ తీగకు లేనిది ఇదే. దానికి లీస్ట్ కౌంట్ లేదు, పందికీ పక్కింటి రైతుకీ తేడా కొలవదు.

ఈ లెక్కలన్నీ ఉగాదికి ఇంటికెళ్లినప్పుడు కాకకు వివరంగా చెప్పాను. కాగితం మీద పందిని గీసి, వృత్తం గీసి మరీ చెప్పాను. కాక ఓపికగా విన్నాడు. "మంచిగనే ఉంది బిడ్డా. మరి పోయిన మక్క ఎవరిస్తరు? నీ సిగ్మా ఇస్తదా?" అన్నాడు. దానికి నా దగ్గర సమాధానం లేదు. గుండు పేల్చని రాత్రి ఖర్చు మొత్తం ఆయనొక్కడే భరించాడు. ఆ పొద్దున తోటలో దిగిన కూలీలకు ఆ సంగతి తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా రాలేదు.

షూటర్ మళ్లీ రెండుసార్లు వచ్చి వెళ్లాడట. ఒకసారి నలభై అడుగుల్లో దొరికితే ఒక్క దెబ్బకు పడిందని కాకే చెప్పాడు, కొంచెం గర్వంగా. తీగ చుట్ట ఇంకా కొట్టంలోనే ఉంది. ఈసారి మెస్ బిల్లు కట్టాక డబ్బులు మిగిలితే దాన్ని కాక దగ్గర నేనే కొనుక్కుందామనుకుంటున్నాను. ధర ఎంత చెప్తాడో చూడాలి.